వంశధార మొగలో కుటుంబంతో ఒక పడవ రోజు: ఎలా వెళ్ళాలి, ఒడ్డువాళ్ళు భోజనానికి పిలిస్తే ఏం చేయాలి

శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా సముద్రతీరం ఉంది. అయినా మా టౌన్ వాళ్ళలో చాలామందికి సముద్రమంటే ఆదివారం సాయంత్రం ఇసుకలో కూర్చుని మొక్కజొన్న పొత్తు తిని, పాదాలు తడుపుకుని ఇంటికొచ్చేయడమే. మేమూ అంతే. నాలుగేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మా పెద్దాడు, "అమ్మా, తెరచాప పడవలు నిజంగా ఉంటాయా, బొమ్మల్లోనేనా?" అని అడిగాడు. వాడికి చూపిద్దామని ఒక శనివారం నేను, మా ఆయన, అత్తయ్య, ఇద్దరు పిల్లలు, మా ఆడపడుచు కూతురు కలిసి వంశధార నది సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ దగ్గరున్న కళింగపట్నం వెళ్ళి బోటెక్కాం.

ఆ రోజు చేసిన తప్పులు కొన్ని, ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళి నేర్చుకున్నవి కొన్ని. మీరు వెళ్ళాలనుకుంటే పనికొస్తాయని వరసగా రాస్తున్నాను. నీళ్ళ సంగతి నాకు బోటు తాత నేర్పాడు. ఒడ్డు మీద మనుషుల దగ్గర ఎలా ఉండాలో మాత్రం మా అత్తయ్యను చూసి నేర్చుకున్నాను. ఆ భాగం కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు నెల చూసుకోండి

డిసెంబర్ చివరి నుంచి మార్చి సగం దాకా మంచి కాలం. పొద్దున గాలి మెత్తగా ఉంటుంది, నదిలో వరద ఉండదు, ఎండ భరించగలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఆ రోజుల్లో వెళ్ళి ఎవరినీ బతిమాలకండి. వానాకాలంలో అసలు వద్దు. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ మనకు చినుకు లేకపోయినా నీరు దిగుతుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని వార్త వస్తే, మొగ దగ్గర నది మీరు నిన్న చూసిన నది కాదు.

అక్టోబర్, నవంబర్లు తుఫాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న వచ్చింది, 2018లో తిత్లీ అక్టోబర్ 11న వచ్చింది. దసరా సెలవులు కదా అని ఆ రోజుల్లో ప్లాన్ వేసుకోకండి. టీవీలో "కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఒకటో నంబరు ప్రమాద సూచిక" అని కింద స్క్రోలింగ్ వస్తుంది చూడండి. ఒకటో నంబరంటే తుఫాను ఇంకా దూరంగా ఉందనే అర్థం. అయినా పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఆ ఒకటి చాలు, ఆ వారం మానేయండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, గాలి వేగం ముందే చెబుతుంది. వెళ్ళే ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోండి.

తర్వాత పోటు, పాటు చూసుకోండి

అందరూ వదిలేసేది ఇదే. మేమూ వదిలేశాం.

సముద్రం నీరు మొగలోంచి నదిలోకి ఎక్కడం పోటు, తిరిగి దిగిపోవడం పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కోటి ఆరుగంటల పైచిలుకు పడుతుంది. ఈరోజు పోటు నిండిన టైముకు రేపు నిండదు, ముప్పావుగంట నుంచి గంట ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమిల చుట్టూ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. మన తీరంలో ఆ రోజుల్లో తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి దగ్గర్లో తేడా తక్కువ, లాగుడూ తక్కువ. అందుకే చిన్నపిల్లలుంటే అష్టమి చుట్టూ ఉన్న రోజులు నయం. క్యాలెండర్‌లో తిథి చూసి రోజు ఎంచుకోండి, గంట మాత్రం బోటాయన్ని అడగండి.

గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఒకటుంది. నీరు ఎక్కుతున్నప్పుడు బయలుదేరితే, పడవ ఇసుక మేట మీద ఆగినా పది నిమిషాల్లో నీరే లేపుతుంది. నీరు దిగుతున్నప్పుడు ఆగితే, అదే మట్టానికి నీరు తిరిగి వచ్చేదాకా కదలదు. పాటు చివర్లో ఇరుక్కుంటే గంటో రెండు గంటలో. పోటు నిండుగా ఉన్నప్పుడు మేట ఎక్కేశారంటే దాదాపు పన్నెండున్నర గంటలు. అంటే రాత్రి దోమల్లో.

మాకు బోటు తాత ముందురోజే చెప్పాడు, "ఏడుకల్లా వచ్చీయండి బాబూ, ఎనిమిదికి పోటు నిండిపోద్ది" అని. మా ఆయన సరేనన్నారు. తీరా చూస్తే పొద్దున ఇడ్లీలు, మా చిన్నదాని రిబ్బను, సింగుపురం దగ్గర కాఫీ అన్నీ అయ్యి, మేం కళింగపట్నం చేరేసరికి పదీపావు. శ్రీకాకుళం నుంచి 30 కిలోమీటర్లు కూడా ఉండదు ఆ ఊరు. తాత నీళ్ళకేసి చూసి, మాకేసి చూసి, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మంచి సంగతి కాదని అప్పుడు మాకు తెలియదు.

బోటు మాట్లాడుకోవడం

ముందురోజు సాయంత్రం ఒకరు వెళ్ళి మాట్లాడి రండి. ఫోన్లో కుదరదు, బోటు కళ్ళారా చూడాలి. పాత మసులా పడవలు, చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టినవి, ఇప్పుడు దాదాపు కనిపించవు. అన్నీ ఫైబర్ బోట్లే, వెనక ఇంజిన్. కొంతమంది డీజిల్ కలిసొస్తుందని ఇప్పటికీ తెరచాప, వెదురుగడ దగ్గర పెట్టుకుంటారు. "చాప ఎత్తుతారా?" అని అడిగితే నవ్వుతారు, ఎత్తుతారు.

అడగవలసినవి: ఎంతమందిని ఎక్కిస్తారు, ఎక్కడిదాకా తీసుకెళ్తారు, ఎన్ని గంటలు, ఆలస్యమైతే అదనంగా ఎంత. ఈ చివరిది ముందే మాట్లాడుకోండి, తర్వాత మొహమాటం ఉండదు. ఇది చేపల వేట బోటు, టూరిస్టు బోటు కాదు. అందుకని మొగ దాటి సముద్రంలోకి వెళ్దామని ఎంత ముచ్చటపడినా అడగొద్దు. మొగ దగ్గర నది నీరు, సముద్రం నీరు ఎదురుపడి కెరటాలు విరుగుతుంటాయి. రోజూ దాటేవాళ్ళు కూడా అక్కడ మాట్లాడుకోరు. కుటుంబానికి నది చాలు. మొగ నుంచి పైకి, శాలిహుండం కొండ వైపు వెళ్ళి రావడమే మన ప్రయాణం. కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. వెళ్ళి ఎంతమందిమి, ఎవరి బోటు, ఎప్పటికి వస్తాం అని చెప్పండి. వద్దంటే మానేయండి.

లైఫ్ జాకెట్లు బోటులో ఉంటాయనుకోకండి. వాళ్ళు ఖాళీ డబ్బాలు తాడుకు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. అద్దెకో, కొనో మీరే తెచ్చుకోండి. పిల్లల జాకెట్ వయసును బట్టి కాదు, బరువును బట్టి కొనాలి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్ళలో జాకెట్ తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మన రాష్ట్రంలో ఎవరూ మర్చిపోలేదు. ఉక్కగా ఉందని జాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకోవడం ఉండకూడదు.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీలు, ఒక్కొక్కరికి ఒక జత పొడిబట్టలు, తువ్వాలు, వాంతుల మాత్రలు, ఫోన్లకు జిప్ కవరు. వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పు బురద లాగేసుకుంటుంది, ఉత్తికాళ్ళతో దిగితే గుల్లలు కోస్తాయి. ఫోన్లో మూడు నంబర్లు: కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093, మామూలు అత్యవసరానికి 112.

తిండి మీకు సరిపోయేదానికంటే కాస్త ఎక్కువ తీసుకెళ్ళండి. పులిహోర శ్రేష్ఠం, చెడిపోదు, చల్లారినా బాగుంటుంది, పదిమందికి పంచొచ్చు. దీని అవసరం కింద తెలుస్తుంది.

ఎక్కాక

తాత ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. బరువు సరిచేసేది ఆయన. కొంగ కనబడిందని అందరూ ఒకే పక్కకు వంగకండి. బోటు అంచు మీద వేళ్ళు పెట్టనివ్వకండి, పక్క బోటు రాసుకుంటే నలుగుతాయి. చాప అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు వెదురుగడ తల ఎత్తులోనే వస్తుంది. ఆయన "తలకాయ!" అంటే ఎందుకని అడక్కుండా వంగాలి. మా ఆయన అడిగారు. మూడు రోజులు బొప్పి ఉంది.

చాప చూసి మా పెద్దాడు కొంచెం నీరుగారిపోయాడు. బొమ్మల్లో తెల్లగా ఉంటుంది కదా. ఇది నీలం టార్పాలిన్, మధ్యలో చిరిగినచోట యూరియా సంచి గుడ్డతో అతుకు. కానీ పదకొండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి అందుకుంది. అప్పటిదాకా వేలాడుతున్న టార్పాలిన్ ఒక్కసారి డప్పు మీద దెబ్బ వేసినట్టు చప్పుడు చేసి ఉబ్బింది. తాత ఇంజిన్ ఆపేశాడు. అంతసేపూ ఇంజిన్ మోతలో అరుచుకుంటున్న మేం ఒక్కసారిగా గుసగుసలాడుకోవడం మొదలుపెట్టాం, ఎందుకో తెలియదు. నీళ్ళు బోటు పొట్టకింద గలగలమంటున్నాయి. దూరంగా శాలిహుండం కొండ. ఆ కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయని, ఆ కాలంలోనూ ఈ నీళ్ళ మీద పడవలు తిరిగి ఉంటాయని పిల్లలకు చెబుతున్నాను. పెద్దాడు వినడం లేదు, తాడు పట్టుకున్నాడు. తాత వాడి చేతిమీద చెయ్యేసి, ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో చూపిస్తున్నాడు.

పన్నెండున్నరకు పడవ ఆగింది. గుద్దుకున్నట్టు కాదు, పరుపు మీద కూర్చున్నట్టు మెత్తగా.

ఇసుకలో ఇరుక్కుంటే

ముందు చాప దించనివ్వండి. గాలి ఇంకా లోపలికి తోసేస్తుంది. తర్వాత బరువు తగ్గించాలి. తాత చెబితే పెద్దవాళ్ళు దిగి తోయొచ్చు, పిల్లలు మాత్రం జాకెట్లతో లోపలే. రెండు మూడు ప్రయత్నాల్లో కదలకపోతే వదిలేయండి. ఇంజిన్‌ను బలవంతంగా తిప్పితే ఇసుక పట్టేసి అదీ పోతుంది.

మా తాత గడ దింపి లోతు చూశాడు. మోకాలి కిందకి ఉంది. "నీరు తీసీసింది బాబూ. ఇంక మూడు మూడున్నర గంటలు ఇది కదలదు" అన్నాడు, చుట్ట వెలిగించుకుంటూ. ఆయనకు టెన్షన్ లేదు. మాకు నడినెత్తిన ఎండ, చిన్నదానికి ఏడుపు, అత్తయ్యకు శనివారం ఒంటిపూట.

అప్పుడు చూశాం, అవతలి ఒడ్డు దగ్గర నీళ్ళలో వంగి గుల్లలు ఏరుతున్న ఒకావిడను. మమ్మల్ని చూసి నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. తర్వాత అరిచింది, "ఓలమ్మ! ఆ గుంటల్ని ఎండలో కూకోబెట్టీసినారేటి? దిగండి, మోకాల్లోతే! ఇంటికాడ నీడుంది!" గుంటలంటే ఇక్కడ పిల్లలు.

దిగాలా వద్దా అనేది మీరు కాదు, బోటాయన చెప్పాలి. ఎక్కడ గట్టి ఇసుకో, ఎక్కడ ఊబి బురదో ఆయనకు తెలుసు. దిగాక పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. తోకకు ముల్లుండే చేపలు అడుగున పడుకుని ఉంటాయి, కదలిక తెలిస్తే అవే తప్పుకుంటాయి. పిల్లల్ని చేయి పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని నడిపించండి.

పిలిస్తే వెళ్ళండి

మొదట మా ఆయన అన్నమాట: "పర్వాలేదండీ, మేం ఇక్కడే ఉంటాం, మీకెందుకు శ్రమ." ఊళ్ళో ఇది మర్యాద. నీళ్ళ మధ్యలో నిలబడి ఇలా అంటే ఎదుటివాళ్ళకు వేరే అర్థం వస్తుంది. మా ఇంటి నీడ వీళ్ళకు పనికిరాదా అనిపిస్తుంది. ఒకసారి మొహమాటపడొచ్చు. రెండోసారి పిలిచారంటే "వస్తున్నాం అప్పా" అని బయలుదేరాలి. శ్రీకాకుళం వైపు పెద్దామెను అప్పా అంటే ఇట్టే దగ్గరవుతారు. మేడం అనకండి, ఆంటీ అసలే వద్దు. మగవాళ్ళను మావయ్యా అనో, పెద్దవాళ్ళయితే తాతా అనో పిలవండి.

సరుగుడు తోట పక్కన ఆరేడు ఇళ్ళు. దారి పొడుగునా వలలు ఆరేసి ఉన్నాయి. వల దాటకండి, చెప్పులతో తొక్కకండి, కాస్త దూరమైనా చుట్టూ తిరిగి వెళ్ళండి. వాళ్ళు ఏమీ అనరు గానీ చూస్తారు. మా చిన్నది ఎగిరి దూకబోతే అత్తయ్య జబ్బ పట్టుకుని ఆపింది. ఆ ఒక్కదానికే వల బాగుచేస్తున్న ముసలాయన తలెత్తి అత్తయ్యకు దండం పెట్టాడు.

గుమ్మం దగ్గర చెప్పులు విడవండి. మంచం వాల్చి చూపించేదాకా కూర్చోకండి. మంచినీళ్ళిస్తే తాగండి. సంచిలోంచి మీ సీసా తీసి తాగితే ఆ గ్లాసు ఇచ్చిన చేయి ఎక్కడికి పోవాలి? పిల్లల కడుపు గురించి భయముంటే పిల్లలకు మీ నీళ్ళివ్వండి, మీరు మాత్రం వాళ్ళిచ్చినవి తీసుకోండి.

తినలేనిది ముందే చెప్పండి

ఇది అసలైన మెట్టు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

అప్ప పొయ్యి మీద సట్టి పెట్టేసింది. పొద్దున వలకు పడిన కవళ్ళు. ఉప్పూ పసుపూ వేసి కడిగి పెట్టుకున్నవి, చింతపండు రసం మరుగుతుంటే ఒక్కొక్కటీ జారవిడిచింది. గరిటె పెట్టలేదు. పాతగుడ్డతో సట్టిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది, చేపలు విరగకుండా. ఆ వాసనకు నా కడుపులో ఆకలి తిరిగింది. అత్తయ్యకు మాత్రం శనివారం నీసు వాసన కూడా పడదు.

మేం వద్దు వద్దు అనబోతుంటే అత్తయ్య తానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "అమ్మీ, నాకు శనివారం నియమం, ముట్టను. మీ ఇంట్లో చల్లుంటే ఒక గ్లాసు ఇయ్యి, దాహంగా ఉంది" అంది. అంతే. అప్ప మొహం ఇంతయింది. చల్ల లేదు, పక్కింటికి పరిగెత్తి తెచ్చింది. చోడి (రాగి) అంబలిలో ఆ చల్ల పోసి, ఉల్లిపాయ నలగ్గొట్టి పెట్టింది. నియమం ప్రకారం ఉల్లిపాయా తినకూడదు. అత్తయ్య దాన్ని మాత్రం మెల్లగా పక్కన పెట్టి అంబలి తాగింది, రెండో గ్లాసు అడిగింది.

చూడండి, తను ఏది తినదో ఒక్క ముక్కలో చెప్పింది, వెంటనే ఇంకోటి అడిగింది. వట్టి "వద్దు" అంటే పెట్టేవాళ్ళ చేతులు ఆగిపోతాయి. "అది వద్దు, ఇది ఉంటే ఇయ్యి" అంటే వాళ్ళకు ఇంకో పని దొరుకుతుంది, సంతోషంగా చేస్తారు. అయితే అడిగేది చిన్నదై ఉండాలి. చల్ల, ఉప్పు, పచ్చిమిరపకాయ, ఒక నిమ్మకాయ. టీ అడగకండి, పాలు ఉండకపోవచ్చు. ఇక ఈ సంగతి వంట మొదలవకముందే చెప్పాలి, విస్తరి ముందు కూర్చున్నాక కాదు.

మీ తిండి కూడా తీయండి. "మా అన్నం మాకుంది" అని పక్కకు తిరిగి తినడానికి కాదు, మధ్యలో పెట్టడానికి. మా పులిహోర వాళ్ళ ఇంట్లో నలుగురూ, పక్కింటి పిల్లలూ తిన్నారు. ముసలాయన పోపులో ఇంగువ ఎక్కువైందన్నాడు. నిజమే, ఎక్కువైంది.

మా పిల్లలు వేయించిన నెత్తళ్ళు తలతో సహా కరకర నమిలేశారు. ఇంట్లో చేప ముల్లుందని గొడవ చేసే పెద్దాడు కూడా.

మాటలు

ఎంత సంపాదిస్తారు, ప్రభుత్వం ఏమిస్తుంది, కులమేమిటి, ఇవి అడగకండి. వాళ్ళు చెబితే వినండి. పిల్లల చదువులు, ఏ చేప ఎప్పుడు పడుతుంది, మీ ఊరెక్కడ, చుట్టరికాలు, ఇవి చాలు గంటలు గడవడానికి. శ్రీకాకుళంలో ఏ వీధి అని అడిగి, ఆ వీధిలో తాము చేపలమ్మిన ఇల్లు గుర్తుచేసుకుంటారు.

ఇంట్లో కుర్రాళ్ళు కనిపించకపోతే "ఎక్కడున్నారు?" అని ఆరా తీయకండి. ఈ తీరం నుంచి చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్తారు. 2018 నవంబర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు కొందరు అలా వెళ్ళి పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. ఆ ఏడాది పైచిలుకు ఈ ఊళ్ళలో ఎలా గడిచిందో ఎవరికి వాళ్ళు చెప్పుకుంటే వినాలి. అప్ప చిన్నకొడుకు వెరావల్‌లో ఉన్నాడు. తానే ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. అక్కడ వల సర్దుతున్న కుర్రాడు తెరమీద మా పిల్లల్ని చూసి, "ఎవుర్లమ్మా ఈల్లు?" అన్నాడు. "మనింటికొచ్చినోల్లు" అంది. ఇంకేమీ చెప్పలేదు.

ఫొటోలు అడిగి తీయండి. ఇంటి లోపలివి, పొయ్యివి, ఆరేసిన బట్టలవి వద్దు.

డబ్బు సంగతి

మూడున్నరకు తాత కేకేశాడు. లేచాం. మా ఆయన పర్సు తీసి ఐదువందల నోటు మడిచి అప్ప చేతిలో పెట్టబోయారు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. "ఏటి బాబూ, ఓటల్‌కొచ్చినారేటి?" నవ్వుతూనే అంది గానీ, కళ్ళు నవ్వలేదు. ఆయన ఆ నోటు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయారు.

నా లెక్క ఇది. పనికి డబ్బివ్వండి, అన్నానికి ఇవ్వకండి. బోటు తాతకు మాట్లాడుకున్న అద్దె పూర్తిగా, ఆగిన గంటలకు అదనంగా, ఆయన చెప్పకపోయినా ఇవ్వాలి. ఆలస్యం మాది, ఆయన పూట పోయింది. అక్కడ బేరం చేసి ఇక్కడ దానం చేయబోవడం బాగుండదు. ఇంట్లో చంటిపిల్లలుంటే పెద్దవాళ్ళు చేతిలో ఎంతో కొంత పెట్టడం మనకున్నదే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అది కూడా వచ్చేటప్పుడు గుమ్మంలో కాదు, పిల్లాణ్ణి ఎత్తుకుని ముద్దు చేస్తున్నప్పుడే.

మేం వచ్చేస్తుంటే అప్ప అత్తయ్యకు బొట్టు పెట్టి, ఒక కొబ్బరికాయ ఇచ్చింది. నాకు స్టీలు గిన్నెలో మిగిలిన పులుసు, మూతకు గుడ్డ కట్టి, "రాత్రికి అన్నంలోకి. రేపటికి ఇంకా బావుంటాది" అంటూ.

తిరుగు ప్రయాణం

నాలుగుకు పడవ తేలింది. ఎక్కే నీరు, సముద్రం గాలి రెండూ ఎదురు, చాప పనిచేయదు, ఇంజిన్ మీదే రావాలి. కాబట్టి బయలుదేరేటప్పుడే డీజిల్ రానూపోనూ సరిపడా ఉందో లేదో అడగాలి. జనవరిలో ఐదున్నర దాటితే చీకటి పడుతుంది. మేం ఒడ్డు చేరేసరికి లైట్‌హౌస్ దీపం తిరుగుతోంది. ఇంటికి, మెరైన్ స్టేషన్‌కు చేరామని ఫోన్ చేయండి. ఈ ఫోన్ అందరూ మర్చిపోతారు.

గిన్నె తిరిగి ఇవ్వడం

ఇంటికొచ్చాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. నెల తిరక్కుండా చేయండి. తర్వాత చేద్దామంటే చేయరు.

పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మనకు తెలిసిందే. ఏం పెట్టాలన్నదే ప్రశ్న. పాతబట్టలు వద్దు. బియ్యం, పప్పులు సాయం చేసినట్టు ఉంటాయి. తినే వస్తువు, వాళ్ళ ఊళ్ళో దొరకనిది మేలు. మేం మందస కోవా పెట్టాం. దాంతో పాటు ఆ రోజు తీసిన ఫొటోలు కడిగించి పట్టుకెళ్ళాం. ఫోన్లో పంపడం వేరు, కాగితం మీద ఇవ్వడం వేరు. ముసలాయన తన ఫొటో వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసి, "పళ్ళు నేకపోతే ఇలాగుంటానేటి" అన్నాడు. ఈసారి రోడ్డు మీదే వెళ్ళాం, కారులో, పొద్దున్నే. కబురు పెట్టకుండా వెళ్తే మళ్ళీ పొయ్యి వెలిగిస్తారు. అందుకే భోజనం వేళ కాకుండా వెళ్ళండి. మేం తొమ్మిదింటికి వెళ్ళాం, అయినా వెలిగించింది.

గిన్నె కడిగి లోపల పెడుతుందనుకున్నాను. కోవా పళ్ళెంలోకి తీసి, అదే గిన్నె నిండా ఎండు మెత్తళ్ళు పోసి మళ్ళీ నా చేతిలో పెట్టింది, వంకాయలో వేసుకోమని. మీకూ ఇలాగే ఇస్తే కారు డిక్కీలో మాత్రం పెట్టకండి. మూత ఎంత గట్టిగా కట్టినా వారం దాకా వాసన పోదు.